నల్లరేగడి నుంచి నల్లమలకు

ఉగాది ఇంకా పది పన్నెండు రోజులుందనగానే ఆదోని–ఎమ్మిగనూరు రోడ్డు ఎడమ అంచు నడిచేవాళ్లదైపోతుంది. సిరుగుప్ప, బళ్లారి నుంచి వచ్చేవాళ్లు ఆదోని మీదుగా వస్తారు. రాయచూరు, సింధనూరు వైపువాళ్లు మాధవరం, మంత్రాలయం మీదుగా వచ్చి ఎమ్మిగనూరులో కలుస్తారు. నెత్తిన మూట, కాళ్లకు గుడ్డపీలికలు, కొందరి భుజాన మల్లయ్య కంబి, అంటే కావడి. కట్టెకాళ్లు కట్టుకుని నడిచే మొండివాళ్లు కూడా ఏటా కనిపిస్తారు. వీళ్లను పట్టుకుని ‘యాడికి?’ అని అడిగేవాడు మా పక్క ఎవడూ ఉండడు. అడిగేదల్లా ‘తిన్నారా?’ అనే.

శివరాత్రికి తెలుగువాళ్లు, ఉగాదికి కన్నడిగులు శ్రీశైలం నడుస్తారని చాలామంది రాస్తుంటారు. ఆదోనిలో ఆ లెక్క నిలవదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మాది బళ్లారి జిల్లా. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అప్పుడే ఇటొచ్చాయి. తాలూకా కచేరీ రికార్డులు మారాయి గానీ వంటింట్లో మాటలు మారలేదు. అవ్వ కన్నడంలో తిట్టి తెలుగులో బుజ్జగించే ఇళ్లు మా వీధిలో ఇప్పటికీ ఉన్నాయి. అందుకని మాకు రెండు పండగలూ మావే. ఎక్కువమంది బయల్దేరేది మాత్రం ఉగాదికి. భ్రమరాంబ ఆడపడుచు, మల్లయ్య అల్లుడు. కొత్త సంవత్సరానికి పుట్టింటివాళ్లు చీర, రవికె, పసుపు, కుంకుమ, గాజులు పట్టుకుని పోవాలి. కూతురి ఇంటికి పోవడాన్ని సాహసయాత్ర అని ఎవరంటారు? కానీ ఆ కూతురి ఇల్లు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, నల్లమల నడిబొడ్డున, కృష్ణానది లోయ పక్కన ఉంది.

పర్వతారోహణ క్లబ్బులతో ఉత్తరాఖండ్ కొండలెక్కినవాణ్ని. గుడారం, నిద్రసంచి, తలకు కట్టే లైటు, నీళ్లు శుద్ధిచేసే మాత్రలు అన్నీ ఉన్నాయి నా దగ్గర. ఎమ్మిగనూరులో మగ్గం నేసే మా మేనమామ, ఉగాది నడకకు సర్దుకున్న నా సంచి ఎత్తి చూసి కింద పెట్టాడు.

“ఇంత సామానా? ఆయమ్మకు సారె ఇది కాదు గదరా.”

ఆయన మూట విప్పి చూపించాడు. ఒక దుప్పటి, ఒక పంచె, రెండు తువ్వాళ్లు, కరకరలాడేట్టు ఎండబెట్టిన జొన్నరొట్టెలు ఒక కట్ట, శెనగ్గింజల పొడి, స్టీలు చెంబు, అగ్గిపెట్టె, సూది, మగ్గం మీది నుంచి తెంపిన నూలుదారం ఒక ఉండ. చీర, గాజులు వేరే గుడ్డలో చుట్టి పసుపు పూసి పెట్టాడు. 1938లో మాచాని సోమప్ప పెట్టిన చేనేత సహకార సంఘం నీడన బతికిన ఊరది. మంచి చీర నేయడం వాళ్లకు కొత్త కాదు. అమ్మవారికి పోయే చీర మాత్రం బయట కొనేది లేదు, ఆయనే నేయాలి.

మా గుంపులో ఆదోని మార్కెట్ యార్డు హమాలీలు కొందరు, జిన్నింగు మిల్లులో పనిచేసే ఒక కుర్రాడు, కోసిగి పక్క పల్లె నుంచి ముగ్గురు ఆడవాళ్లు ఉన్నారు. ఆ ముగ్గురూ అంతకు వారం ముందే సుగ్గి నుంచి వచ్చారు. పడమటి కర్నూలులో వాన తక్కువ, పని అంతకన్నా తక్కువ. పత్తి తీతకు తెలంగాణకూ, మిరపకాయల కోతకు గుంటూరు వైపుకూ ఊళ్లకు ఊళ్లే ఇళ్లకు తాళం వేసి కదులుతాయి. దాన్నే సుగ్గి అంటారు. ఉగాదికి కొందరు తిరిగొస్తారు. వాళ్లలో పెద్దామె గోనెగండ్ల దాటుతుండగా చుట్టూ చూస్తూ అంది:

“ఏటా ఈ దోవలోనే పోతాం నాయనా. లారీలో పండుకోని పోతాం గదా, చెట్ల కొనలు తప్ప ఏమీ కనపడవు. కింద ఇన్ని ఊర్లుండాయని నడిస్తేనే తెలిసింది.”

గోనెగండ్ల దగ్గర హంద్రి మీద గాజులదిన్నె ప్రాజెక్టు ఉంది. సంజీవయ్య సాగర్ అని పేరు పెట్టారు. ఆ నీటి గాలి కాస్త తగిలాక మళ్లీ కోడుమూరు దాకా నల్లరేగడే. పత్తి కట్టె పీకేసిన చేలు పగుళ్లిచ్చి ఉంటాయి. మార్చి ఎండ పదింటికే నెత్తి మాడుస్తుంది. కాబట్టి నడక వేళలు తిరగబడతాయి. తెల్లవారుజామున రెండు మూడు గంటలకు లేచి, ఎండ ముదిరేలోగా ఏదో ఒక డేరా చేరుకోవడం; మధ్యాహ్నమంతా వేపచెట్టు కిందో బడి వరండాలోనో పడుకోవడం; నాలుగు దాటాక మళ్లీ కదలడం. రాత్రి తొమ్మిదీ పదింటిదాకా. నిద్ర రెండు ముక్కలవుతుంది. మొదటి రోజు కష్టం, తర్వాత ఒంటికే అలవాటవుతుంది.

తిండి సంగతికొస్తే, ఈ దారిలో ఆకలి వేయడానికి అవకాశం తక్కువ. ప్రతి ఊరి బయటా ఒక డేరా. ఒక చోట ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. ఇంకో చోట అన్నం, సాంబారు. మరో చోట అంబలి, మజ్జిగ, కోసిన పుచ్చకాయ. రోడ్డుకు అడ్డం నిలబడి చేయి పట్టుకుని లాక్కుపోతారు. కడుపు నిండిందంటే, “ఒక్క ముద్ద, మా పేరు చెప్పుకోని” అంటారు. బియ్యం ఒకరిది, వంటచెరకు ఒకరిది, గ్యాసుబండ ఒకరిది, వడ్డించే చేతులు ఊరందరివి. ఆదోని హమాలీలు ఏడాది పొడుగునా కూలిలో కొంచెం పక్కన పెట్టి ఆత్మకూరు దగ్గర ఒక డేరా నడుపుతారు. అది మా గుంపు డేరా. దాన్ని చూసుకునే పెద్దాయన రెండు రోజుల ముందే లారీలో వెళ్లిపోయాడు.

హిమాలయాల్లో నడిచినప్పుడు వీపు మీద ఎంత మోయగలమనేదే పెద్ద లెక్క. అక్కడ నాలుగు రోజుల తిండి మోస్తే నాలుగు రోజులు బతుకుతాం. ఇక్కడ లెక్క వేరు. ఎవరు ఏ మలుపులో వండుతున్నారో తెలిస్తే చాలు. డబ్బు లేనివాడు, ముసలివాడు, చంకన బిడ్డ ఉన్న తల్లి కూడా అడవి దాటగలుగుతున్నారంటే ఈ డేరాల వల్లే. ఎవరూ దీనికి టికెట్టు పెట్టలేదు, కాబట్టి ఎవరూ దీన్ని ట్రెక్కింగు అనలేదు.

కాళ్ల గురించి చెప్పాలి. కోడుమూరు దాటేసరికి జిన్నింగు మిల్లు కుర్రాడి అరికాలిలో రూపాయి బిళ్లంత బొబ్బ లేచింది. వాడు దాన్ని గిల్లబోతే మా మామ చేయి మీద కొట్టాడు. సూది మొనను అగ్గిపుల్ల మంటలో కాల్చి, నూలుదారం ఎక్కించి, బొబ్బ ఒక అంచున గుచ్చి రెండో అంచున తీశాడు. దారాన్ని అటు రెండు అంగుళాలు, ఇటు రెండు అంగుళాలు వదిలి తెంపాడు. లోపలి నీరు దారం వెంట కారిపోయింది. పైతోలు చిట్లకుండా అట్లే అంటుకుంది. పైన కొబ్బరినూనె రాసి, పాత పంచె పీలిక చుట్టి, “దారం పీకొద్దు. రేపు నడవల్ల నువ్వు” అన్నాడు. వాడు నడిచాడు. ఆ పూట డేరాలో ఇంకో పది మంది పాదాలు మామ ముందుకొచ్చాయి. కన్నడం వాళ్లు, తెలుగువాళ్లు, ఒక మరాఠీ ముసలాయన. దారపు ఉండ సగమైంది. దారం ఉంచడం మీద డాక్టర్లకు వేరే అభిప్రాయం ఉండొచ్చు. డేరాల పక్కన వైద్య శిబిరాలు పెట్టినవాళ్లు చేసేది మాత్రం మందుపూత, దూది, పట్టీ. జనం రెండు చోట్లా కూర్చుంటున్నారు.

కర్నూలు గురించి రాయడానికి పెద్దగా లేదు. కొండారెడ్డి బురుజు పక్కగా తెల్లారకముందే దాటేశాం. ఊరు లేచేసరికి మేం నందికొట్కూరు దారిలో ఉన్నాం. అక్కడి నుంచి నేల రంగు మారుతుంది. సుంకేసుల నుంచి వచ్చే కేసీ కెనాల్ కిందికి వచ్చేశాం. 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ పడవలు నడపడానికీ సాగుకీ కలిపి తవ్విన కాలువ అది. కంపెనీకి లాభం రాలేదు గానీ నందికొట్కూరు మాత్రం పచ్చబడింది. కోసిగి ఆడవాళ్లు కాలువగట్టు మీద నిలబడి వరిచేల వంక చాలాసేపు చూశారు. ఒకామె అంది, “ఈ నీళ్లు మా ఊరి మీంచే గదా వచ్చేది.” తుంగభద్ర కోసిగికి ఆ పక్కనే పారుతుంది. ఆ మాటకు మాలో ఎవరూ జవాబివ్వలేదు.

జూపాడుబంగళా, ఆత్మకూరు. ఆత్మకూరు చేరితే తూర్పున కొండల వరస అడ్డంగా లేస్తుంది. ఊరి పక్కన వెంకటాపురం నుంచి అడవిదారి మొదలు. ఇక్కడే రోడ్డు మనుషులు, అడవి మనుషులు విడిపోతారు. బస్సులో పోయేవాళ్లు ఇదే కర్నూలు–గుంటూరు రోడ్డున దోర్నాల దాకా పోయి ఘాట్ ఎక్కుతారు. నడిచేవాళ్లకు మిగిలింది నలభై కిలోమీటర్లకు అటూ ఇటూ. కానీ ఇంతవరకు నడిచిందంతా ఒక ఎత్తు.

కాగితాల మీద ఇది నేషనల్ పార్కు కాదు. నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం, 1978లో అభయారణ్యమైంది, 1983లో ప్రాజెక్టు టైగర్ కిందికొచ్చింది. మూడు వేల చదరపు కిలోమీటర్లకు పైబడిన విస్తీర్ణంతో దేశంలో పెద్ద పులుల అడవిగా పేరు. రాష్ట్రం విడిపోయాక కృష్ణకు అవతలి భాగం అమ్రాబాద్ పేరుతో తెలంగాణకు పోయింది. మామూలు రోజుల్లో ఈ దారిలో అనుమతి లేకుండా అడుగు పెట్టనీయరు. పండగ రోజుల్లోనే తెరుస్తారు. వెంకటాపురం దగ్గర అటవీశాఖవాళ్లు మూటలు తడిమి చూస్తారు. బీడీలు, అగ్గిపెట్టెలు, ప్లాస్టిక్ సంచులు వద్దంటారు. మా మామ అగ్గిపెట్టె అక్కడ ఆగిపోయింది. సూది కాల్చుకునేదెట్లా అని ఆయన గార్డుతో చాలాసేపు వాదించాడు. ఆత్మకూరు అవతల బైర్లూటిలో అటవీశాఖవాళ్లవే గుడారాలున్నాయి. మంచం, దుప్పటి, జీపులో సఫారీ. డబ్బు కట్టి అడవిలో పడుకోవడానికి నగరాలవాళ్లు అక్కడికొస్తారు. ఆ సంగతి చెబితే హమాలీ అన్న ఒకాయన నమ్మలేదు. “పండుకోనీకె దుడ్డా?”

అడవిలోకి పోగానే నేల పట్టు తప్పుతుంది. మా రేగడి మెత్తన; ఇక్కడ పలుగురాయి. కత్తి అంచుల్లా లేచిన రాతి పలకల మీద రబ్బరు చెప్పు ఒక పూటలో అరిగిపోతుంది. మార్చిలో నల్లమల నీడనివ్వదు. ఆకు రాల్చే అడవి అది. తిరుమాను, ఏగిస, బిల్లుడు, టేకు అన్నీ మోడులే. నల్లమద్ది బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. తెల్లటి ఒంటితో తపసి చెట్లు రాళ్ల మధ్య నుంచి లేస్తాయి. వాటి బంక తీసి అమ్ముకునేది చెంచులు. మోదుగ ఒక్కటే కొమ్మ కొమ్మకూ ఎర్రగా పూసి ఉంటుంది. కాళ్ల కింద ఎండుటాకు చప్పుడు వెయ్యి మంది నడుస్తుంటే ఆగదు.

పులి కనిపిస్తుందా అని ఇంటికొచ్చాక అందరూ అడిగారు. అన్ని వేలమంది హరహర మహాదేవ అంటూ పోయే దారి పక్కన పులి ఎందుకుంటుంది? కొండముచ్చులు చూశాం. ఒక తెల్లవారుజామున లోయలో నెమళ్లు అరవడం విన్నాం. అడవిని అడవిగా చూడాలనుకునేవాళ్లు ఉగాదికి ఇటు రాకూడదు, ఆ మాట ఖాయంగా చెబుతాను. ఇది మనుషుల్ని చూసే దారి.

కొండ అడుగున నాగలూటి. వీరభద్రస్వామి పాతగుడి, పక్కన కోనేరు. ఒకప్పుడు యాత్రికులు దిగి బసచేసే మజిలీ. ఇప్పుడు ఏడాదిలో పండగ రోజులు తప్పిస్తే చుట్టూ అడవే. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య ఆత్మకూరు నుంచి ఈ దారినే శ్రీశైలం పోయాడు. నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను ఆయన పుస్తకంలో ఉన్నాయి. పల్లకి, బోయీలు, డేరాలతో పోయినవాడు. కందనూరు (కర్నూలు) నవాబు మనుషులు యాత్రికుల దగ్గర పన్ను వసూలు చేయడం గురించి కూడా రాశాడు. అంతకు వందల ఏళ్ల ముందే పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో ఒక ప్రకరణమంతా ఈ పర్వతానికీ, శివరాత్రికి ఎక్కి వచ్చే భక్తుల కష్టాలకూ పాటలకూ ఇచ్చాడు. అక్కమహాదేవి కన్నడ దేశం నుంచి ఒంటరిగా నడిచొచ్చిందీ ఈ కొండకే. దోర్నాల ఘాట్ రోడ్డు పడకముందు శ్రీశైలం అంటేనే నడక. కనుక బస్సెక్కిన మనమే ఈ చరిత్రలో కొత్తవాళ్లం.

నాగలూటి నుంచి రాతిమెట్లు. పద్నాలుగో శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. నడిచేవాళ్ల నోట రెడ్డిరాజుల పేరు ఈ మెట్ల దగ్గర ఇప్పటికీ వినిపిస్తుంది. కొన్ని చోట్ల మెట్టు నిలువెత్తు ఇరుకు సందులో దూరుతుంది, కొన్ని చోట్ల వేర్లు తన్ని రాయి పక్కకు ఒరిగింది. పసుపు కుంకుమ పూయని మెట్టు లేదు. మోకాళ్లు పట్టుకుని ఎక్కే ఒక ముసలామెను వెనక నుంచి ముక్కూ మొహం తెలియని ఇద్దరు కుర్రాళ్లు నడుముకు తువ్వాలు చుట్టి తోస్తున్నారు. ఆమె కన్నడంలో వాళ్లను తిడుతూనే ఎక్కుతోంది.

రాత్రి పెద్దచెరువు దగ్గర పడుకున్నాం. చెంచుగూడెం, దాన్ని ఆనుకుని చెరువు. ఎండిన అడవిలో అంత నీరు చూసి ఒక్కసారిగా అందరి గొంతులూ లేచాయి. కట్ట మీదా, చెట్ల కిందా టార్పాలిన్లు పరిచి వేలమంది. గుడారం అనేది ఒక్కటి లేదు. డేరాలు ఇక్కడా ఉన్నాయి; దారి ఉన్నంతవరకు ట్రాక్టర్ల మీద బియ్యం, నీళ్ల ట్యాంకులు తెచ్చి వండుతున్నారు. తిన్నాక భజన. రాయచూరు గుంపు కన్నడంలో ఎత్తుకుంటే ఎమ్మిగనూరువాళ్లు తెలుగులో అందుకుంటున్నారు, తాళం ఒకటే. ఒక పక్క వీరభద్రుడి ఖడ్గాలు చదువుతూ జంగమయ్య. పదకొండు దాటాక చప్పుడు తగ్గింది. రాయి మీద దుప్పటి వేసుకుని పడుకుంటే పగటి వేడి వీపుకు తగులుతూనే ఉంది. తెల్లారుజామున మాత్రం చలి. కోసిగి పెద్దామె తన దుప్పటి సగం తీసి నా మీద వేసిందని లేచాక తెలిసింది.

పొద్దున గూడెం ముందు ఒక చెంచు అవ్వ సుగంధి పాల వేర్లు కట్టలు కట్టి పెట్టుకుని కూర్చుంది. మా పక్క వేసవిలో తాగే నన్నారి షర్బత్తు ఈ వేరుదే. కట్ట ఎంతవ్వా అంటే ధర చెప్పి, బేరమాడబోయిన జిన్నింగు కుర్రాడి మొహం చూసి, “తవ్వి తెచ్చుకో పో, అడివి నీ ఎనకాలే ఉంది” అంది. వాడు రెండు కట్టలు కొన్నాడు. పండగ అయ్యాక ఇక్కడ ఎట్లా ఉంటుందని అడిగాను. “మీ కాగితాలు, మీ గలాసులు ఉంటాయి” అంది. కట్ట దిగువన చూస్తే నిజమే. నీళ్ల పాకెట్లు, గ్లాసులు, విస్తళ్లు కుప్పలుగా ఉన్నాయి. అటవీశాఖ, దేవస్థానం మనుషులు తర్వాత ఏరిస్తారు. ఈలోగా జింక తింటే తినిందే.

పెద్దచెరువు దాటాక బండి దారి లేదు. మఠంబావి మీదుగా భీమునికొలను. పేరులో కొలను ఉన్నా అది ముందు ఒక లోయ. కొండ మీద నుంచి నిట్టనిలువుగా కిందికి దిగాలి, అడుగున వాగు దాటాలి, మళ్లీ అంతకు అంతా ఎక్కాలి. దిగేటప్పుడు తొడలు వణుకుతాయి, ఎక్కేటప్పుడు ఊపిరి అందదు. లోయ గోడలు రెండు పక్కలా పొరలు పొరలుగా ఎర్రరాయి. అడుగున బండల మధ్య నీటి గుంట. ఇక్కడ భీముడు దాహం తీర్చుకున్నాడని చెప్పుకుంటారు, దిగినవాడెవడైనా నమ్ముతాడు. నా ఉత్తరాఖండ్ నడకల్లో ఇంతకన్నా ఎత్తులు ఎక్కాను. కానీ మిట్టమధ్యాహ్నం నలభై డిగ్రీల ఎండలో, కాలే రాయి మీద ఇక్కడ పడినంత కష్టం, గట్టిగా చెప్పాలంటే, అక్కడ పడలేదు. అక్కడ చలి ప్రమాదం, ఇక్కడ దాహం. ఇద్దరు ముగ్గురిని స్ట్రెచర్ మీద పైకి మోసుకుపోవడం చూశాం.

ఎక్కుడు ముగిసేచోట కైలాసద్వారం. రాతి ద్వారం, దాటగానే దేవస్థానంవాళ్ల చలువ పందిళ్లు, నీళ్లు. ద్వారం కింద చాలామంది ఏడుస్తారు. మా మామ ఏడవలేదు. మూట విప్పి చీర తడిసిందేమో చూసుకున్నాడు. అక్కడి నుంచి హాటకేశ్వరం, సాక్షిగణపతి. ఎవరెవరు వచ్చారో గణపతి రాసుకుంటాడని నమ్మకం, కాబట్టి తల చూపించకుండా ఎవరూ పోరు. ఊళ్లోకి వచ్చేసరికి చీకటి పడింది. ఉగాది ముందు రాత్రి గుడి ముందు వీరాచారం, నిప్పుల గుండం. కన్నడ జంగమ భక్తులు కణకణలాడే నిప్పుల మీద నడుస్తుంటే, ఇన్ని రోజులు నడిచొచ్చిన మా కాళ్లకు పెద్ద వింతగా తోచలేదు.

దర్శనం క్యూలో గంటలు పట్టింది. మామ చీర, గాజులు ఇచ్చి బయటికొచ్చాడు. “ఏమన్నా అడిగినావా మామా?” అంటే, “ఆడబిడ్డ ఇంటికి పోయి అడుగుతారా?” అన్నాడు. హేమారెడ్డి మల్లమ్మ గుడి కూడా చూసి, బస్టాండులో జనాన్ని తోసుకుని కర్నూలు బస్సెక్కాం.

బస్సు దోర్నాల దిగి ఆత్మకూరు వచ్చేసరికి రోడ్డు పక్కన డేరాలు విప్పుతున్నారు. మా డేరా పెద్దాయన అక్కడే ఎక్కాడు. మిగిలిన బియ్యం ఆత్మకూరులో ఒక మఠానికి ఇచ్చేశాడట. ఆయన కూర్చోగానే జిన్నింగు కుర్రాడు మొదలుపెట్టాడు, పెద్దచెరువు కట్ట కింద చూసింది మనసులో పెట్టుకుని. కాగితం గ్లాసులు మానేసి స్టీలు గ్లాసులు పెట్టాలన్నాడు.

“గలాసు కడగనీకె ఒక గలాసు నీళ్లు పోతే, తాగనీకె ఏముంటాదప్పా?” అన్నాడు పెద్దాయన. “ట్యాంకరు నీళ్లు. కొని పోయిస్తాండాం.”

అది కాదనలేని మాటే. కుర్రాడు ఆగిపోయాడు. వెనక సీటు నుంచి కోసిగి పెద్దామె అందుకుంది.

“మిరపచేండ్లల్లో గలాసులు ఎవురిస్తారన్నా మాకు? ఎవురి చెంబు వాళ్లు నడుముకు కట్టుకుంటాం. నడిచేటోళ్లను చెంబు తెచ్చుకోమని చెప్పల్ల.”

“చెప్తే ఇంటారా?”

“చెంబు లేకుంటే మజ్జిగ లేదంటే ఇంటారు.”

పెద్దాయన మొహం ముడుచుకున్నాడు. లేదనే మాట ఆ డేరాలో ఇంతవరకు ఎవరూ అనలేదు, తను అనడు. నందికొట్కూరు దాకా వాదన సాగింది. ముందు సీట్లో కూర్చున్న ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా దూరారు. కర్నూలు వచ్చేసరికి ఇంతవరకు తేలింది: వచ్చే ఉగాదికి డేరా ముందు బోర్డు పెడతారు, కన్నడంలోనూ తెలుగులోనూ, ఎవరి చెంబు వాళ్లు తెచ్చుకోవాలని. తేనివాళ్ల కోసం కొన్ని గ్లాసులు లోపల దాచిపెడతారు. ఎన్ని అన్నది మార్కెట్ యార్డులో అందరూ కూర్చున్నప్పుడు చూసుకుంటారట.